సారుకు మారుగా ముద్ద

తొంభైల చివర, నాకు పెళ్లయిన కొత్తలో, పట్టుగూళ్లు అమ్మడానికి పోయేటప్పుడల్లా మా అత్త నన్ను కెలమంగలం నుంచి కృష్ణగిరికి వెంటబెట్టుకుని పోయేది. పప్పూ ఉల్లిగడ్డల ధరలు మండిపోతున్న రోజులవి. బస్టాండు పక్క హోటల్లో భోజనం ధర పోయినసారి ఉన్నట్టు ఈసారి ఉండేది కాదు. అందుకని మా అత్త తెల్లారకముందే లేచి రాగిముద్దలు చేసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చేది.

మొదటిసారి మా అత్త హోటల్ బల్ల మీద ఆ మూట విప్పి, హోటలు నడిపే ఆమెతో "పప్పుసారు మాత్రం పొయ్యమ్మా, దానికెంతో అంత దుడ్డు తీసుకో" అంది. హొసూరు టౌనులో పెరిగిన నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టి లేపేస్తుందనుకుని హోటలామె మొహం చూడలేకపోయాను.

ఆమె వచ్చి మూటలోకి వంగి చూసింది.

"పొద్దన్నించీ అన్నం వండి వండి, ఆ వాసనకే కడుపు నిండిపోయిందమ్మా. ముద్ద తిని ఎన్ని దినాలాయనో! నాకు సగం పెట్టు. సారు ఎంత కావల్నో అంత పోస్తాను, దుడ్డొద్దు."

మా అత్త సగం పెట్టలేదు, ముద్దంతా ఆమె చేతిలో పెట్టింది. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం.

ఆ తర్వాత పలక మీద భోజనం ధర ఆమే చెరిపి ఎన్నిసార్లు పెంచి రాసిందో. మా సారు ధర మాత్రం, ఆమె హోటలు మూసేసిన రోజుదాకా, ఒక్క ముద్దే.