నాలుగున్నర శ్రుతి

కోడూరులో ఆ రోజు తప్పింది హార్మోనియం కాదు, నా గొంతు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మచిలీపట్నంలోని మా పద్యనాటక సమాజంలో ఇరవై రెండేళ్ళు రాజు వేషం నాదే. ఐదు శ్రుతిలో, అంత పై స్థాయిలో పాడేవాణ్ణి. శ్రుతి తగ్గించుకున్నవాడంటే మా వాళ్ళ దృష్టిలో పనైపోయినవాడే. అప్పటికే రెండు నెలలుగా పొద్దున లేవగానే గొంతు బొంగురుగా ఉండేది. మిరియాల పాలు తాగి సరిపెట్టుకునేవాణ్ణి. కోడూరులో మొదటి పద్యానికి రాగం తీస్తుంటే గొంతు చీలి, గాలి మాత్రమే వచ్చింది. హార్మోనియం వాయించే వీరాస్వామి మాస్టారు అది కనిపెట్టి, రెండో పద్యానికి చడీచప్పుడు లేకుండా నాలుగున్నరకి దించారు. గండం గడిచింది.

తెర పడ్డాక అందరి ముందూ నేనే అన్నాను: "శ్రుతి ఎటు పోతోందో చూసుకోవాలి కదండీ మాస్టారూ! వయసైపోతే ఇంట్లో కూర్చోవాలి."

ఆయన నా వైపు చూసి, పెట్టె మూత వేసుకున్నారు. తర్వాతి నాటకానికి సమాజం వేరే ఆయన్ని పిలిచింది.

కొత్తాయన ఐదులోనే వాయించాడు. నెల తిరక్కుండా నా గొంతు పోయి గుసగుసే మిగిలింది. గుడివాడలో ఈఎన్‌టీ డాక్టరు గారు గొంతులోకి కెమెరా గొట్టం పెట్టి లారింగోస్కోపీ చేశారు.

"వోకల్ కార్డ్ మీద, అంటే స్వరతంత్రి మీద, చిన్న బుడిపెలా పాలిప్ ఉందండీ. తీసి బయాప్సీకి పంపుదాం."

"క్యాన్సరా?"

"రిపోర్టు రానివ్వండి."

ఆపరేషన్ తర్వాత మాట్లాడకూడదన్నారు. ముద్ద మింగినప్పుడల్లా భయం. పలక మీద "క్యాన్సరే అయితే?" అని రాసి నా భార్యకి చూపించాను. ఆవిడ కొంగుతో తుడిచేసి, "అన్నం చల్లారిపోతోంది, తినండి" అంది.

క్యాన్సర్ కాదని వచ్చింది. ఆ సంబరంలో, పాడొద్దన్న గడువు తీరకముందే రిహార్సల్‌కి వెళ్ళి ఐదులో పద్యం ఎత్తాను. గొంతు వాచిపోయింది. డాక్టరు గారు మండిపడ్డారు.

"గొంతు కావాలా, వేషం కావాలా? శ్రుతి దించుకోమని మీకు ఎవరూ చెప్పలేదా?"

చెప్పకుండానే దించినాయన్ని నేనే వెళ్ళగొట్టాను.

ఇప్పుడు స్పీచ్ థెరపీతో మాట బాగానే ఉంది. పై స్థాయి మాత్రం తిరిగి రాలేదు. అయినా వేషం వదల్లేక ఇన్నాళ్ళూ సమాజాన్ని పట్టుకు వేలాడాను. మీలో ఎవరికైనా గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే, వేషం సంగతి తర్వాత, ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి.

మొన్న మాస్టారిని బతిమాలి రిహార్సల్‌కి తీసుకొచ్చాను. "ఇప్పుడెందుకయ్యా ఇదంతా?" అన్నారాయన.

"నోట మాట ఉండగానే చెప్పాలండీ" అని, అందరి ముందూ నిలబడ్డాను.

"ఆ రోజు కోడూరులో మాస్టారు నా పరువు కాపాడారు. నేను అబద్ధమాడి ఆయన పరువు తీశాను. నా వేషం ఇవాళ్టితో వదిలేస్తున్నాను. క్షమించండి మాస్టారూ."