దేవమ్మ సాక్ష్యానికి దొరకని వాయిదా

నిన్న కోర్టు హాల్లో నా బల్ల ముందు నిలబడ్డ వకీలు గుమాస్తా నుదుటికి తలనొప్పి బామ్ దట్టంగా పట్టించుకొచ్చాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా పళ్ళు బిగుసుకున్నాయి. గోపాలరావు గారు రోజూ ఆ బామ్ రాసుకున్నాకే పని మొదలుపెట్టేవారు. నేను మొదట చేరింది పల్నాడులో ఒక చిన్న కోర్టులో. ఊరి పేరు రాయను. ఆయన అక్కడ బెంచి క్లర్కు. జడ్జిగారి ముందు కూర్చుని కేసుల కట్టలు అందిస్తూ, దేనికి ఏ తేదీ ఇవ్వొచ్చో చెప్పే మనిషి. నేను ఆయన కింద కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటును.

పని నేర్పడంలో అలాంటి మనిషిని మళ్ళీ చూడలేదు. "అందర్నీ ఒకే రోజు రమ్మంటే ఎవడి కేసూ నడవదు అమ్మాయ్. మిరపకోతల్లో రైతుని పిలిచి ఊరికే కూర్చోబెట్టమాక, ఉసురు తగులుద్ది" అనేవారు. తన క్యారేజీలోంచి గోంగూర పచ్చడి తీసి నా అన్నంలో వేసేవారు. తండ్రి లేని నన్ను కూతురిలా చూశారు. అందుకే ఈ నాలుగు మాటలూ రాయడానికి ఇంతకాలం పట్టింది.

రాజుపాలెం వైపు నుంచి దేవమ్మ అనే ముసలామె వచ్చేది. ఆమె పొలానికి వెళ్ళే దారిని పక్క పొలంవాడు కంచె వేసి మూసేశాడు. ఆ దారిన పెళ్ళినాటి నుంచీ బండ్లు తిరిగాయని చెప్పగలిగింది ఆమె ఒక్కతే. గుండెజబ్బు మనిషి, కోడలు సువార్త రెక్క పట్టుకుని మెట్లెక్కించేది. ఒకరోజు మళ్ళీ వాయిదా పడిందని తెలిసి, దేవమ్మ వరండాలో అందరి ముందూ గోపాలరావు గారిని నిలేసింది.

"ఏందయ్యా, నేను చచ్చినాక పిలుస్తారా? తిన్న అన్నం ఎట్టా అరుగుతుందయ్యా మీకు?"

వకీళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. లోపలికొచ్చాక మాత్రం, "నన్ను ఏందయ్యా అంటదా" అన్నారు, మెల్లగా.

దేవమ్మ సాక్ష్యం ముందుగా తీసుకోమని ఆమె వకీలు పిటిషన్ వేశాడు. పేజీ నంబర్లు సరిగా లేవని గోపాలరావు గారు దాన్ని వెనక్కి పంపించారు. సరిచేసి తెస్తే, డాక్టరు కాగితం మీద ముద్ర మసగ్గా ఉందన్నారు. మూడోసారి తీసుకున్నారు కానీ, వేసవి సెలవుల తర్వాతి తేదీ చెప్పి జడ్జిగారి చేత సరేననిపించారు. బల్ల నిండా కట్టలున్న జడ్జిగారు తలెత్తి చూడలేదు. "ఈ నెల్లో ఖాళీ ఉందండీ" అని నేను గోపాలరావు గారి చెవిలో అంటే, "నీ పని నువ్వు చూసుకో" అన్నారు.

దేవమ్మ ఆ ఎండల్లోనే పోయింది. కోర్టు తెరిచాక సువార్త ఒక్కతే వచ్చి చెప్పింది. గోపాలరావు గారి దగ్గరికి వెళ్ళి, "దేవమ్మ చచ్చిపోయిందండీ" అన్నాను.

"కోర్టులో మనుషులు చావరమ్మాయ్, పార్టీలు చస్తారు. వారసుల్ని కేసులో చేర్చుకోమను."

"ఆమె నోరు తెరవకుండా చేసింది మీరు. ఏందయ్యా అన్నందుకు!"

ఆయన తలెత్తకుండా ఇంకో కట్ట విప్పుకున్నారు. వారం తిరక్కుండానే నన్ను రికార్డు గదిలోకి మార్చారు. సువార్త ఇంకొన్నాళ్ళు తిరిగి తిరిగి అలిసిపోయింది. దారిలేని పొలాన్ని ఇంకెవరు చేస్తారు? దారి మూసినవాడికే కౌలుకిచ్చి, కేసు వదిలేసుకుంది.

గోపాలరావు గారు రిటైరైన రోజు దండలేశారు, శాలువాలు కప్పారు. ధర్మాత్ముడన్నారు. నేను లేచి బయటికి వచ్చేశాను. తర్వాత కొన్నేళ్ళకు ఆయన పోయారని తెలిసింది. చూడ్డానికి వెళ్ళలేదు.

ఇప్పుడు ఇంకో ఊళ్ళో నేనూ బెంచి క్లర్కునే. నాకొచ్చిన పనంతా ఆయన పెట్టిన భిక్షే, నన్ను ఎక్కువ మండించేదీ అదే. రైతు ఉసురు గురించి నాకు చెప్పిన మనిషికి తను చేస్తున్నదేమిటో తెలియదని ఎలా అనుకోను? జబ్బు మనిషి పిటిషన్ వస్తే ఆ రోజే జడ్జిగారి ముందు పెడతాను. ఎవరైనా కసిరితే నాకూ ఒళ్ళు మండుతుంది. అప్పుడు కలం పక్కన పెట్టి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాను. ఆ మంట చల్లారాకే తేదీ చెబుతాను. ఆయన మీది మంట మాత్రం చల్లారలేదు. చల్లార్చుకోను.