తండ్రికొచ్చిన అప్రెంటిసు కాయితం

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే కాలం అది. ఎనభైల చివర హిందీవాళ్ల ఊరు గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీవాళ్లు ఆ గదిలో నాకు ఉద్యోగమిచ్చారు. ఏసీ చల్లదనంలో వట్టి కాళ్లతో కూర్చోగానే ప్రపంచంలో నాకు తెలియంది ఇంకేమీ లేదనిపించింది. (అమ్మ మాత్రం మేముండే టెల్కో కాలనీ అంతా "మా పిల్ల టైపు కొడతాది" అని చెప్పుకునేది.) ఇంకా పర్మనెంటు కాలేదు. మూడో నెలలో మా బాసు కొత్త అప్రెంటిసుల పేర్లు ఎక్కించమన్నాడు. ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలో, టేబుల్ అనే పట్టికలో ఒక్కొక్కరికి ఒక్కో వరస చేర్చాలి. 'ఇన్సర్ట్' అని కొట్టి, టేబుల్ పేరు చెప్పి, ఏయే గడుల్లో పెట్టాలో రాసి, ఆ తరవాత వివరాలివ్వాలి. గడుల పేర్లు రాయకపోయినా ఊరుకుంటుంది గానీ, టేబుల్లో ఉన్న క్రమంలోనే సర్దేస్తుంది. "కాలమ్ కే నామ్ లిఖ్నా, భూల్నా మత్" అని, గడుల పేర్లు రాయడం మర్చిపోవద్దని, బాసు మరీ మరీ చెప్పాడు. అంత చేంతాడు ఎవరు కొడతారని మానేశాను. నా కాయితంలో ముందు కుర్రాడి పేరు, తరవాత తండ్రి పేరు. టేబుల్లో అది తిరగబడి ఉందని నేను చూస్తేగా! రెండూ పేర్లే కనక కంప్యూటర్ కిక్కురుమనలేదు. ప్రతిసారీ 'ఒక వరస చేరింది' అని మెచ్చుకున్నట్టే చెప్పింది. ట్రైనింగుకి రమ్మనే ఉత్తరాలు తండ్రుల పేర్ల మీద అచ్చయి పోస్టులో వెళ్లిపోయాయి.

చాలామంది తండ్రులు పొరపాటని గ్రహించి కొడుకుల్నే పంపారు. సీతారాండేరా పేట నుంచి ఒక తాత మాత్రం తనే వచ్చాడు. ఇస్త్రీ ఖాకీ బట్టలు, చేతిలో టిఫిన్ డబ్బా. గేటువాళ్లు మా గది గుమ్మం దగ్గరికి పంపారు.

"క్యా హువా, బాబా?" అన్నాను అలవాటుకొద్దీ.

"తెలుగమ్మాయని గేటుకాడ చెప్పినారు, హిందీ ఏటి? రమ్మన్నారు, వచ్చీసినాను" అని ఉత్తరం చూపించాడు. ఆయన ఇదే ఫ్యాక్టరీలో రిటైరై నాలుగేళ్లయిందట.

"తండ్రి పేరు దగ్గర మీ అబ్బాయి పేరుంది కదా తాతా, అనుమానం రాలేదా?"

"ఎందుకొత్తాది? ఇంటికాడ ఆడే నాకు బాబునాగ, నానే ఆడి కొడుకునాగ మాటాడతాడు. కంపెనీకీ తెలిసిపోనాది అనుకున్నాను."

నవ్వబోయి ఏడ్చేశాను. తప్పు నాదేనని, నా ఉద్యోగం ఊడుతుందని చెప్పాను.

"ఊరుకోమ్మా. ఇన్నాళ్లకి మా ముసిల్ది పొద్దున్నే డబ్బా కట్టింది, అదే సాలు. నా పేరు ఎక్కడుందో ఓపాలి సూపించు."

బాసు ఆయనచేత బూట్లు విప్పించి మరీ లోపలికి రానిచ్చాడు. తెర మీద పచ్చటి అక్షరాల్లో తన పేరు తాత కూడబలుక్కుని చదువుకున్నాడు. "ఇంక తీసీ" అన్నాడు. పాత వరసలన్నీ చెరిపేసి, ఈసారి గడుల పేర్లన్నీ బుద్ధిగా కొట్టి, ముందుగా వాళ్లబ్బాయి వరస చేర్చాను.

"మరి నానెక్కడ?"

"ఆ పక్క గడిలో తాతా, తండ్రిగా."

"అక్కడైతే పనుండదు" అన్నాడాయన, డబ్బా చేతిలోకి తీసుకుని. తరవాత క్యాంటీన్లో పాత స్నేహితులతో కూర్చుని డబ్బా ఖాళీ చేసి వెళ్లాడట.

బాసు ఉత్తరాలు మళ్లీ అచ్చు వెయ్యమని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. అదింకా భయంగా ఉండింది. సాయంత్రం షిఫ్టు బస్సు దిగగానే అమ్మ ఎదురొచ్చి "మొకం అలాగుందేటే?" అంది. "ఒక పెద్దాయన నా పని చూసి సంతోషపడ్డాడమ్మా" అన్నాను. ఆ మాట అబద్ధమో నిజమో, ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేదు.