అంచు లేదన్న ప్రొఫెసర్

"రాజమ్మా, అంచు ఎంత దూరం?"

"అంచు లేదు సార్. దొర్లండి, నేను పట్టుకున్నా."

ప్రొఫెసర్ గారికీ నాకూ మధ్య చివరి మాటలు ఇవే. 1983లో, డాలస్ దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో నేను ఎయిడ్‌ని. అంటే ముసలివాళ్లకు స్నానాలు చేయించి, పక్కలు మార్చే మనిషిని. మా ఆయన పోయాక అన్నయ్య పిలిపించుకున్నాడు. నా చదువు సంతకం వరకే, ఇంగ్లీషు అక్కడ విని పట్టుకున్నదే. ఇది కూడా నేను చెబుతుంటే చెల్లెలి కూతురు సరోజ రాస్తోంది.

ప్రొఫెసర్ గారు పాతకాలపు యూరప్ చరిత్ర చెప్పిన పంతులు. చేరిన కొత్తలో బాగానే ఉన్నాడు. హిరణ్యాక్షుడు భూమిని చాపలా చుట్టి ఎత్తుకుపోయిన కథ చెబితే పకపకా నవ్వాడు. ఆ చనువుతో అడిగాను: "మీ పాతవాళ్లూ అంతేనట కదా సార్? భూమి బల్లపరుపనీ, ఓడలు అంచు దాటి పడిపోతాయనీ?"

కప్పు ఠక్కున పెట్టాడు. "ఎవడు చెప్పాడు నీకు? శుద్ధ అబద్ధం! చదువుకున్న ప్రతివాడికీ గుండ్రమని తెలుసు. ఆనాటి రాజుల బొమ్మలు చూడు, చేతిలో ఏముంది? భూమికి గుర్తుగా బంతి! నలభై ఏళ్లు ఇదే మొత్తుకున్నా!"

"సరే సార్, కాఫీ చల్లారిపోతుంది."

ఆ వేసవిలో ఆయనకు స్ట్రోక్ వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది, తెలివి చెదిరింది. అలాంటివాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే బెడ్‌సోర్, అంటే పడుకున్నచోట పుండు, ఎముకదాకా తినేస్తుంది. అప్పటికే నడుము కింద ఎర్రబడింది. తిప్పబోతే కుడిచేత్తో మంచం కమ్మీ పట్టుకుని కేక పెట్టాడు.

"వద్దు! అంచు! ఓడలు పడిపోతున్నాయి!"

నేనన్న మాట. ఆయన తిట్టిన మాట. ఆయన నోటినుంచే. నలభై ఏళ్ల చదువు ఎటుపోయింది?

"ఆ చెయ్యి కట్టేద్దాం," అంది నర్సు.

"ఒక్క నిమిషం ఆగమ్మా."

ట్రేలో నారింజ ఉంది. ఆయన కళ్ల ముందు పట్టుకున్నాను. "రాజు చేతిలో బంతి సార్. మీరు చెప్పిందే. తీసుకోండి, దీనికి అంచెక్కడుందో చూపించండి."

చాలాసేపు చూశాడు. కమ్మీ వదిలి నారింజ అందుకున్నాడు. బొటనవేలితో చుట్టూ తడుముకుంటున్నాడు. ఆయన్ని మెల్లగా పక్కకు తిప్పేశాను. అరవలేదు.

ఆ తర్వాత ప్రతిసారీ అంచు ఎంత దూరమని అదే ప్రశ్న, లేదని అదే జవాబు, అదే నారింజ. మూడు వారాలకు పోయాడు. ఒంటిమీద పుండు లేదు.

అప్పటినుంచి ఏ పేషెంట్‌నైనా తెలివి ఉన్నప్పుడే కూర్చోబెట్టి మాట్లాడించేదాన్ని. రేపు వాళ్లు మరిచిపోతే, వాళ్ల మాట వాళ్లకు అందించడానికి ఒక మనిషైనా ఉండాలి కదా.

ఏదీ సరోజా, మొదటినుంచి చదువు. ఆయన కోపాన్ని మెత్తగా రాశావేమో వింటాను.