కౌలుకిచ్చిన కార్డులు

ఇందుకూరుపేటలో నా రొయ్యల మేత అంగడిని ఆనుకుని ఒక టైలరు అంగడి ఉంది. రొయ్యల గుంటల వాళ్ళు పొద్దున్నే వచ్చి మేత బస్తాలు వేసుకుని పోతారు కాబట్టి, మధ్యాహ్నం దాటితే నాకు ఈగలు తోలుకోవడమే పని. టైలరుకు అలా కాదు. ఆయనకు పని ఎప్పుడూ ఉంటుంది గానీ మా బజారులో కరెంటే ఎప్పుడూ ఉండదు. మోటారు మిషన్ ఆగిపోగానే కత్తెర పక్కన పెట్టి ఫోను తీసేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు. ఇక్కడ అన్నా అనడానికి వయసు చూడరు, అంగడి చూస్తారు.

ఫోనులో ఆయన ఆడేది కార్డుల ఆట. పేకాట కాదు. ఒక్కో కార్డు మీద ఒక వీరుడో, రాక్షసుడో, మంత్రగత్తో బొమ్మ ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కో బలం. మనకు నచ్చిన కార్డులతో కట్ట కట్టుకుని, ఏ దేశంలోనో ఉన్న మనిషితో తలపడాలి. మొదట్లో ఆట వాళ్ళు ఉచితంగా ఇచ్చిన కార్డులతోనే ఆడేవాడు. ఓడిపోతే గట్టిగా నవ్వేవాడు. "వాడేం ఏసినాడో చూడన్నా, నా మూడు కార్డులూ ఒక్క దెబ్బకి పోయినాయి" అని తనను ఓడించినవాణ్ణే మెచ్చుకునేవాడు.

ఆట నా తలకెక్కలేదు. నన్ను పట్టుకున్నది ఇంకో సంగతి. బలమైన కార్డులు డబ్బు పెట్టి కొనుక్కోవచ్చుననీ, కొన్న కార్డు నిజంగా మన సొంతమనీ, ఆ హక్కు బ్లాక్‌చెయిన్‌లో రాసి ఉంటుందనీ ఆయన చెప్పాడు. అదేమిటని అడిగితే, వేల కంప్యూటర్లలో ఒకేసారి ఉండే రిజిస్టరు అన్నాడు, అందులో రాసింది ఎవరూ దిద్దలేరన్నాడు.

మాది కోవూరు దగ్గర పొలమున్న కుటుంబం. రికార్డులో ఒక సర్వే నంబరు తప్పు పడితే, దాన్ని సరిచేయించడానికి మా నాన్న ఆరేళ్ళు తిరిగారు. ఆ తిరుగుడు చూసి పెరిగినవాడికి, ఎవరూ దిద్దలేని రిజిస్టరు ఒకటుందని చెబితే ఇంకేం కావాలి? ఆట ఎలా ఆడతారో తెలుసుకోకుండానే ఇరవై రెండు కార్డులు కొన్నాను. ఆ డబ్బుతో మంచి సెకండ్‌హ్యాండ్ బైకు వచ్చేది. ఇంట్లో చెప్పలేదు.

పొలం కొన్నంత మాత్రాన మా ఇళ్ళలో ఎవరూ మడిలో దిగరు, కౌలుకిస్తారు. నేనూ అదే చేశాను. ఆ ఆటలో కార్డులు అద్దెకిచ్చే ఏర్పాటు కూడా ఉందని తెలిశాక నాకు అనుమానమే లేకపోయింది. ఇది అచ్చంగా భూమే అనుకున్నాను.

"కార్డులు నావి, ఆట నీది భాయ్. వచ్చినదాంట్లో చెరి సగం" అన్నాను.

"అట్టే కానీన్నా" అన్నాడు.

గెలిచినప్పుడల్లా కొన్ని టోకెన్లు వస్తాయి. వాటిని అమ్మితే రూపాయలవుతాయి. టోకెన్లన్నీ నా ఖాతాలోనే పడేవి. తన సగంతో ఏం చేయాలో భాయ్‌కి ముందే తెలుసు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలి. జాకెట్ల మీద పని కావాలనుకున్న ఆడవాళ్ళంతా నెల్లూరు పోతున్నారు, వాళ్ళతోపాటు మామూలు కుట్టు కూడా పోతోంది. ఇలాగే సాగితే ప్యాంట్లు కురచ చేయడం తప్ప తనకేమీ మిగలదని ఆయన భయం. అడ్వాన్సుకు సరిపడా చేరితే చాలు, మిగతాది లోను పెట్టుకుంటానన్నాడు.

రెండేళ్ళు ఆడాడు. రోజుకు ఇన్ని గెలవాలని నియమం పెట్టుకున్నాడు. కరెంటు ఉన్నప్పుడు కూడా ఫోను తీయడం మొదలైంది. ఒక పెళ్ళివారి జాకెట్లు చెప్పిన రోజుకు అందక, వాళ్ళు అంగడి ముందు నిలబడి నానా మాటలూ అన్నారు. ఆయన తల వంచుకుని విన్నాడు. వాళ్ళు వెళ్ళాక, ఈ మధ్య నవ్వడం కూడా మానేశావేమని అడిగాను.

"ఊరికే ఆడేటప్పుడు ఓడిపోతే ఆట పోయేదన్నా. ఇప్పుడు కూలి పోతా ఉండాది" అన్నాడు.

ఈ ఆటల మీద నేను విన్నవాటిలో ఇంతకంటే సరైన మాట లేదు. అప్పుడు మాత్రం చెవిన పెట్టలేదు. పొద్దున లేవగానే టోకెను ధర చూసుకోవడంలో ఉన్నాను నేను.

ఒకసారి ఆ ధర బాగా పెరిగింది. భాయ్ సగం అడ్వాన్సుకు సరిపోయేంత అయింది. "అమ్మేద్దామన్నా" అన్నాడు. నేను నవ్వాను.

"కోతల్లో వడ్లమ్మినోడు ఎప్పుడన్నా బాగుపడినాడా భాయ్? ఆగు" అన్నాను.

మా ఇంట్లో అది వేదం. కోత కాగానే అమ్మరు. ఆరబెట్టి, ఇంట్లోనే నిలవేసి, బుచ్చిరెడ్డిపాలెం వ్యాపారి తనంతట తాను వచ్చి ధర పెంచేదాకా బిగపట్టుకుని కూర్చుంటారు. మా తాత అలాగే చేశాడు, మా నాన్నా అలాగే చేశారు, ఇద్దరూ నష్టపోలేదు. అయితే వడ్లు కొన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు వండుకుని తింటాడు. టోకెను కొన్నవాడు దాన్ని ఇంకొకడికి అమ్మాలనే కొంటాడు, ఆ ఇంకొకడు మరొకడికి. తినేవాడంటూ ఎవడూ లేడు. ఈ ముక్క నాకు తట్టలేదు. భాయ్‌కి తట్టిందేమో తెలియదు, నా మాట మీద గౌరవంతో ఆగాడు.

ధర సగమైంది, పావలా వంతైంది, తర్వాత చూడటం మానేశాను. ఆపైన ఆట వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది. నెలాఖరుకు ఆట మూసేస్తున్నారట. మీ కార్డులు మాత్రం ఎప్పటికీ మీవే అని రాశారు. అందులో అబద్ధం లేదు. ఈ రోజుకీ ఇరవై రెండు కార్డులూ నా ఖాతాలోనే ఉన్నాయి, ఎవరూ దిద్దలేదు. పాస్‌పుస్తకం ఉంది, పొలం లేదు.

బజారులో సంగతి తెలిసిపోయింది కాబట్టి, ఇలాంటి ఆటల్లో డబ్బు పెట్టవచ్చా అని అప్పుడప్పుడు ఎవరో ఒకరు నన్నడుగుతారు. దెబ్బ తిన్నవాణ్ణి అడగడం మనవాళ్ళకు సరదా. ఉచిత కార్డులతో, కరెంటు పోయినప్పుడు, నవ్వు వచ్చినంతసేపు ఆడుకోమంటాను. కార్డు కొనవద్దంటాను. ముఖ్యంగా ఇంకొకరి చేత ఆడించవద్దంటాను. ఆశ లావు, పీక సన్నం అని కూడా అంటాను, ఆ మాటకు వాళ్ళు నవ్వుతారు.

నా డబ్బుకు నేను పెద్దగా ఏడవలేదు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి గుంట గుంటంతా తుడిచిపెట్టుకుపోయిన వాళ్ళను ఎందరినో చూశాను, వాళ్ళ ముందు నాదెంత? నన్ను తొలిచింది భాయ్ సగం. అమ్ముదామన్నది ఆయన, ఆపింది నేను. ఆట మూతపడ్డ మరుసటి రోజు మధ్యాహ్నం ఆయన అంగట్లోకి వెళ్ళాను. కరెంటు లేదు. ప్యాంటు అంచు చేత్తో కుడుతున్నాడు.

"నువ్వు అమ్మమన్న రోజు ఏం ధర ఉందో ఆ ధరకి నీ సగం నేనిస్తా భాయ్. అడ్వాన్సు కట్టుకో" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "వద్దులేన్నా. మీ పొలంలో పంట పోయిన ఏడు కౌలుదారుకి మీరేమన్నా ఇచ్చినారా?"

"లేదు."

"కౌలన్నా తగ్గిచ్చినారా?"

"లేదు."

"మరి నాకెందుకు? నీ కార్డులు గూడా పోయినాయి గదా."

దెప్పిపొడవడానికి అన్న మాట కాదది. ఆయనకు దెప్పడం రాదు. నాకు సిగ్గేసి ఉండాల్సింది. సిగ్గు తర్వాత వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. ముందు మాత్రం గుండె మీంచి బరువు దిగినట్టయింది. సరేలే భాయ్ అని లేచి నా అంగడికి వచ్చేశాను. ఆ మిషన్ ఇంతవరకూ రాలేదు.

మా వైపు ఎవరూ మొదటి మాటకే పుచ్చుకోరు. అన్నం తిను అంటే ఇప్పుడే తిన్నానంటారు, ఆకలితో కడుపు కాలుతున్నా సరే. మళ్ళీ అడగాలి, చేయి పట్టుకుని కూర్చోబెట్టాలి, అప్పుడు తింటారు. భాయ్ రోజూ నేను తెప్పించిన టీని కూడా మొదట వద్దనే అనేవాడు. తాగు భాయ్ అని మళ్ళీ అంటే అప్పుడు గ్లాసు అందుకునేవాడు. ఇది నాకు తెలియని సంగతి కాదు.

ఎవరైనా అడిగితే, ఇస్తానన్నాను, ఆయనే వద్దన్నాడు అని చెబుతాను. అదీ నిజమే. ఆ రోజు నేను రెండోసారి అడగలేదు.