అక్క మాట సగమే విన్నారు

కారు అద్దం మీద మంచు గీకుతుంటే ఫోన్ మోగింది. "తను వెళ్ళిపోయింది" అంది అవతలి గొంతు. అక్కకు తోడుగా ఉంటున్న ఆవిడ గొంతు అది. అక్క పోయిందన్న కబురు ఇవాళో రేపో వస్తుందని తెలుసు. తెలిసి ఉండటం దేనికీ పనికిరాలేదు. ఆ చలిలో, అప్పటికే గీకేసిన అద్దాన్నే స్క్రేపర్‌తో మళ్ళీ గీకడం మొదలుపెట్టాను.

అక్క నాకు తోడబుట్టింది కాదు. కెనడాలోని విండ్సర్‌లో నేను పనిచేసే చిన్న ఆరోగ్య కేంద్రంలో నా పై అధికారి, నల్లజాతి మనిషి. నేను చేరిన కొత్తలో, "మీవాళ్ళు పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరట కదా, నన్నేమని పిలుస్తావ్?" అని అడిగింది. "అక్క" అన్నాను. కొన్నాళ్ళకి రిసెప్షన్‌లో ఉండే పోర్చుగీసాయన కూడా అక్కా అనే పిలవడం మొదలుపెట్టాడు. ఆమె మాట్లాడిందంతా ఇంగ్లీషే. నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి జంకే ఆడవాళ్ళకి తోడు వెళ్ళడం మా పని. వెళ్ళేముందు అక్క రిహార్సల్ పెట్టేది. కేంద్రంలో మేం తినే భోజనాల బల్ల దగ్గర తనే డాక్టరై కూర్చుని, గడియారం చూసుకుంటూ, "ఊఁ, ఏంటి సంగతి?" అని విసుక్కునేది. ఇక మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. కడుపునొప్పితో నిద్రలేక కళ్ళు పీక్కుపోయిన ఒక నెల్లూరు ఆంటీ, అక్క అలా అడగ్గానే చక్కగా నవ్వి, "ఐ యామ్ ఫైన్ డాక్టర్, మీరు బాగున్నారా?" అంది. పక్కనున్న అంకుల్ అందుకుని, "కొంచెం గ్యాస్ ప్రాబ్లమ్ అంతేనండీ, బయటి తిండి తగ్గించమంటే వినదు" అన్నారు. అక్క ఆయన చేతికి టీ కప్పు ఇచ్చి, పక్కగదిలో కూర్చోబెట్టి తలుపేసి వచ్చింది.

"నవ్వకుండా చెప్పమను. నవ్వుతూ చెబితే వాళ్ళు నమ్మరు" అంది నాతో.

"నవ్వకపోతే ఏం బావుంటుందమ్మా, అంత పెద్ద డాక్టరు ముందర" అని ఆంటీ గొణిగింది. ఆ మాట ఇంగ్లీషులో చెబితే అక్క బల్ల చరిచి మరీ నవ్వింది. మళ్ళీ మొదట్నించీ చెప్పించింది. చివరికి ఆంటీ నవ్వు ఆపి, "నొప్పి. రోజూ. పడుకోలేకపోతున్నా" అని బావురుమంది. అక్క లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

ఒకసారి మా తెలుగు అసోసియేషన్‌లో, తలా ఓ వంటకం తెచ్చుకునే పొట్లక్‌కి పిలిస్తే వచ్చింది. రిటైరైన డాక్టరుగారొకరు పులిహోర వడ్డించుకుంటూ, "మీది ఏ దేశం?" అని ఆప్యాయంగానే అడిగారు. "ఈ ఊరేనండీ. మా పూర్వీకులు అమెరికాలో బానిసత్వం తప్పించుకుని ఈ నది దాటి వచ్చారు. మీరెప్పుడొచ్చారు?" అంది అక్క. ఆయన పులిహోరలో పల్లీలు వెతుక్కున్నారు. ఇంతలో ఆంటీలు చుట్టూ చేరారు. మీవారేం చేస్తారంటే, పోయారని చెప్పింది. మరి ఒక్కరే ఉంటారా అంటే, "లేదు, నా జీవిత భాగస్వామి ఉంది. స్కూలు బస్సు నడుపుతుంది" అంది. ఒకావిడ మొహం వెలిగిపోయింది. "మంచిపని చేశారండీ! రూమ్మేట్ ఉంటే రెంట్ కలిసొస్తుంది!" అంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో అక్క కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. "మీవాళ్ళు నయం. మావాళ్ళైతే అసలు వినబడనట్టు ఊరుకుంటారు" అంది.

అక్క తనని తాను బైసెక్సువల్ అని, ఆడా మగా ఇద్దరినీ ప్రేమించగలనని చెప్పుకునేది, దాచేది కాదు. "మా ఆయన్ని ప్రాణంగా ప్రేమించాను. ఈమెనీ అంతే. ఒకటి నిజమని చెప్పాలంటే ఇంకోటి అబద్ధం కావాలా?" అనేది. చర్చిలో వాళ్ళకి ఆయనతో ఉన్న అక్క కావాలి, తర్వాతి అక్క భర్త పోయి దిక్కుతోచక దారి తప్పిన మనిషి. స్వలింగ ప్రేమికులు ఏటా చేసే ప్రైడ్ నడకలో కలిసే స్నేహితులకేమో ఈమెతో ఉన్న అక్కే అసలు అక్క, అంతకుముందుదంతా భయపడి వేసుకున్న ముసుగు.

ప్రాణం మీదికి తెచ్చింది కూడా ఇదే. మా కేంద్రానికి రాకముందు అక్క ఒక బడి ఆఫీసులో పనిచేసేది. అప్పట్లో ఒక క్లినిక్‌లో, ఆడవాళ్ళందరికీ చేసే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గురించి అడిగితే, భాగస్వామి ఎవరని డాక్టరు అడిగాడట. ఆడమనిషి అని చెప్పింది. "అయితే మీకీ పరీక్ష అక్కర్లేదు" అన్నాడట. అన్నేళ్ళు కాపురం చేసిన భర్త ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. ఆ జబ్బు తెచ్చే వైరస్ ఆడవాళ్ళ మధ్యా సోకుతుంది, కాబట్టి అసలు ఆయనతో కాపురమే చెయ్యకపోయినా ఆ పరీక్ష చెయ్యాల్సిందే. తర్వాత రక్తం కనబడితే వయసన్నారు, నొప్పంటే ఓర్చుకోగలరు మీ నల్లవాళ్ళు అన్నారు. క్యాన్సర్ అని తేలేసరికి ఆలస్యమైపోయింది. చికిత్సతో కొన్నేళ్ళు తెరిపినపడి, ఆ కొన్నేళ్ళనీ మా కేంద్రానికి ఇచ్చింది.

"ఆ రోజు నేను తలూపి వచ్చేశాను. అందుకే ఇంకెవర్నీ ఊపనివ్వను" అనేది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ డాక్టరు ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే అక్క ఇవాళ ఆ బల్ల దగ్గర ఎవర్నో దబాయిస్తూ ఉండేది.

జబ్బు తిరగబెట్టాక ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "నేను పోయాక నన్ను చెరిసగం పంచుకుంటారు చూడు. అలా చెయ్యొద్దని చెప్పు" అంది. చెబుతానన్నాను.

చెప్పాను. అక్క వెళ్ళే చర్చి పాస్టరుగారు ఓపిగ్గా విని, "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, చర్చికి చిన్నపిల్లలూ వస్తారు" అన్నారు. అంత్యక్రియల రోజు చర్చిలో భర్త గురించీ, అక్క అక్కడ పాడిన పాటల గురించీ చాలా బాగా మాట్లాడారు. అక్క భాగస్వామిని మాత్రం నమ్మకమైన స్నేహితురాలన్నారు. మర్నాడు ప్రైడ్ స్నేహితులు పెట్టిన సభలో ఆవిడ గురించి అందరూ కన్నీళ్ళతో మాట్లాడారు. భర్త మాట ఎత్తుదామని నేను లేస్తే, "అది పాత జీవితం, ఇవాళ వద్దు" అని ఒకమ్మాయి మెల్లిగా నా భుజం నొక్కింది. రెండు చోట్లా మంచివాళ్ళే, రెండు చోట్లా నిజంగానే ఏడ్చారు. నేను మాత్రం అక్కకిచ్చిన మాట నిలబెట్టలేక ఇంటికొచ్చాను. అందుకే ఇలా మీకు చెబుతున్నాను.

అక్కని భర్త పక్కనే పూడ్చారు. కొన్నాళ్ళాగి ఆవిడ నన్ను కూడా రమ్మంటే సమాధి దగ్గరికి కలిసి వెళ్ళాం. కొత్త మట్టి మీద మంచు పేరుకుని ఉంది. అక్కకీ ఆయనకీ కలిపి ఒకటే సమాధి రాయి, అదీ మంచులో మునిగిపోయి ఉంది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తుడవడం మొదలుపెట్టింది. ముందు బయటపడింది అక్క పేరు కాదు, ఆయన పేరు. తప్పు వైపు తుడుస్తోందేమోననుకుని, "అక్క ఇటువైపండీ" అన్నాను.

"తెలుసు. ఆయన చలికి తట్టుకోలేడని తను ఎప్పుడూ చెప్పేది" అని ఆవిడ గ్లవ్ తీసేసి, ఆయన పేరులో ఇరుక్కున్న మంచుని గోటితో తీస్తూ కూర్చుంది.