మాడుకు అద్దిన నీలగిరి తైలం

నా చిన్నప్పుడు పలమనేరులో చలికాలమంటే ముక్కులకు పని పెరిగే కాలం. ఎత్తు మీద ఉన్న ఊరు కావడంతో పొద్దున ఎనిమిదైనా మంచు కదిలేది కాదు. ఇంట్లో ఒకరికి జలుబు చేసిందంటే అది వంతులవారీగా అందరినీ పలకరించి గానీ పోయేది కాదు. దాన్ని తరమడానికి మా ఇంట్లో ఉన్న మందు ఒక్కటే, నీలగిరి తైలం. మా నాయన ఉర్లగడ్డల, అంటే బంగాళాదుంపల, లారీతో ఊటీ వైపు వెళ్ళినప్పుడల్లా ఒక చిన్న సీసా తెచ్చేవాడు. మూత తీస్తే చాలు, అవతలి గదిలో ఉన్నవాళ్ళకు కూడా కళ్ళు చెమ్మగిల్లేవి. మరిగిన నీళ్ళలో రెండు చుక్కలు వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేవాళ్ళం.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. నాకు తొమ్మిదేళ్ళు. జలుబు చల్లటి నీళ్ళ వల్ల కాదు, కంటికి కనబడని క్రిముల వల్ల వస్తుందని ఆ ఏడే బళ్ళో టీచరమ్మ చెప్పింది. అది విన్న రోజు నుంచి నాకు ఎక్కడ చూసినా క్రిములే. మనిషి కళ్ళనే మండించే నీలగిరి తైలం ముందు ఆ కనబడని పురుగులు ఏపాటివని నాకు నేనే తేల్చుకున్నాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆ సామెత ఆడపిల్లలకు కూడా వర్తిస్తుందని నన్ను చూసిన వాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

అప్పుడు మా తమ్ముడు అయిదు నెలల బిడ్డ. వాడికి జలుబు పట్టుకుంది. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేకపోయేవాడు. రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడ్చేవాడు. అమ్మకు రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. వాడంటే నాకు ప్రాణం. ఎలాగైనా వాడి క్రిముల్ని నేనే చంపాలనుకున్నాను.

ఎలా చంపాలో మా అవ్వను చూసి నేర్చుకున్నాను. మా నాయనకు అమ్మ ఆవిడ. రోజూ పొద్దున తమ్ముడికి నీళ్ళు పోశాక వాడి మాడుకు, అంటే నడినెత్తిన మెత్తగా ఉండే చోట, ఆముదం అద్దేది. అరచేతిలో నూనె పోసుకుని, రెండు వేళ్ళతో ఇంకిపోయేదాకా తట్టేది. మాడుకు పెట్టిందంతా లోపలికి దిగుతుందని ఆవిడ నమ్మకం. ఆముదం దిగితే నీలగిరి తైలం ఎందుకు దిగదు?

ఆ పొద్దున అవ్వ తమ్ముడికి నీళ్ళు పోసి, మాడుకు ఆముదం అద్ది, సాంబ్రాణి పొగ చూపించి, ఉయ్యాలలో వేసి వాకిట్లోకి వెళ్ళింది. అమ్మ పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. నేను గూట్లోంచి సీసా తీశాను. మూడు చుక్కలు మాడు మీద వేసి, అచ్చం అవ్వలాగే రెండు వేళ్ళతో తట్టాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. క్రిములు వచ్చే దారి ముక్కే కదా అని ముక్కు కింద ఇంకో చుక్క రాశాను.

వాడి ముఖం ముడుచుకుపోయింది. నోరు తెరిచాడు, ఏడుపు రాలేదు. ఊపిరి మధ్యలో ఎక్కడో చిక్కుకున్నట్టు ఎగపోశాడు. తర్వాత దగ్గు, పెదాలు కమిలినట్టు నల్లబడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా నేను ముందు సీసాకు మూత బిగించి గూట్లో పెట్టాను, ఆ తర్వాతే అమ్మను కేకేశాను. ఏది ముందు చేశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమ్మ తడిచేతులతో పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుంది. వాసన గుప్పుమంది. వెనకే వచ్చిన అవ్వ వైపు తిరిగింది.

"అత్తా, కండ్లు ఆనక ఆముదమనుకోని నీలగిరి తైలం పూసినావా?"

అవ్వకు ఒక కంట్లో పొర ఉండేది. ఆవిడ తన వేళ్ళు చూసుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది. అప్పటికి ఇల్లంతా అదే వాసన. "ఏమో మే, పూసినానేమో" అంది మెల్లగా. ఆ మాట విని కూడా నేను గోడకు అంటుకుని నిలబడ్డాను.

మా కేకలు విని పక్కింటి అక్క వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి అప్పుడే ఇల్లు చేరినట్టుంది, తెల్లచీర కూడా మార్చుకోలేదు. వాణ్ణి గాలి తగిలేలా వసారాలోకి తీసుకుపొమ్మంది. అమ్మ నీళ్ళతో తల కడగబోతే ఆపింది. నూనె నీళ్ళకు పోదు, కొబ్బరినూనెతో తుడిచి ఆ తర్వాత సబ్బుతో కడగాలని చెప్పి, కొబ్బరినూనె ఎక్కడుందో చూపించమని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది.

నూనె గిన్నె అందిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్ళ వాసన ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఇక అయిపోయాననుకున్నాను. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"ఎవురు పూసినారని నేను అడగను పాపా. ఎన్ని సుక్కలు, యాడ యాడ పడినాయి, నోట్లోకి పోయిందా? అదొక్కటి సెప్పు, సాలు."

చెప్పాను. మాడుకు మూడు, ముక్కు కింద ఒకటి, నోట్లోకి పోలేదు. ఒక్క చుక్క కూడా దాచలేదు. గుండెల మీద నుంచి ఏదో బరువు దించినట్టయింది.

అక్క పరుగున వెళ్ళి మెత్తటి గుడ్డను నూనెలో ముంచి వాడి మూతీ మాడూ తుడిచింది. గోరువెచ్చటి నీళ్ళతో కడిగింది. కాసేపటికి వాడు కెవ్వుమన్నాడు. అంత కమ్మటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. ఏడుస్తున్నకొద్దీ పెదాలు ఎర్రబడ్డాయి. అయినా ఆమె ఊరుకోలేదు, అమ్మను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. నోట్లోకి పోలేదు అన్న మాట డాక్టరుకు ఎంతో పనికొచ్చిందని అమ్మ తర్వాత చెప్పింది. మధ్యాహ్నం దాకా కనిపెట్టి చూసి, భయం లేదని పంపించారు. చంటిబిడ్డలున్న చోట ఆ సీసా మూత కూడా తీయొద్దని అక్క గట్టిగా చెప్పింది.

వాళ్ళు వచ్చేదాకా అవ్వ అన్నం ముట్టలేదు. వచ్చాక కూడా మనవణ్ణి ఎత్తుకోలేదు. చేతులు రెండూ కొంగులో దాచుకుని గడపలో కూర్చుంది. తమ్ముడు పాలు తాగి నిద్రపోయాక అమ్మ ఆవిడతో, కోపంగా కాదు, జాలిగానే అంది.

"రేపట్నించి బిడ్డకు నేనే నీళ్ళు పోస్తాలే అత్తా."

అవ్వ తలూపింది. అమ్మ అవ్వను తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు. ఆవిడ పొద్దున లేచేదే ఆ నీళ్ళు పోయడానికి. అక్క అక్కడే ఉంది. నా వైపు చూడనైనా లేదు. ఆమె ఎన్నటికీ బయటపెట్టదని నాకు తెలిసిపోయింది. చెప్పాల్సింది నేనే.

"అవ్వ కాదు మా. నేనే పూసినాను" అన్నాను.

దెబ్బల కోసం వీపు సిద్ధం చేసుకున్నాను. కానీ ముందు కదిలింది అవ్వ. కొంగులోంచి చేతులు తీసి ముఖం తుడుచుకుంది. "సూసినావా మే, నా కండ్లు బాగానే ఉండాయి. రేపు నీళ్ళు నేనే పోస్తా" అంది కోడలితో. నేను చేసిన ఘనకార్యం గురించి ఒక్క మాట లేదు. అమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నా వీపు మీద ఒకటి వేసి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది.

నాకూ పిల్లలు పుట్టారు, వాళ్ళ పిల్లల్నీ పెంచాను. ఇంట్లో ఏదో పగులుతుంది, ఎవరో ఏదో మింగుతారు, ఏదో కాలుతుంది. నేను పరుగెత్తుకెళ్ళి ఏం జరిగిందని అడుగుతాను, ఎంత, ఎక్కడ అని అడుగుతాను. ఎవరు చేశారని మాత్రం అడగను. అలా వదిలేస్తే చేసినవాళ్ళు ఏదో ఒక వేళ వాళ్ళే వచ్చి చెప్తారు. నాకు మధ్యాహ్నం దాకా పట్టింది.